ఏది కలుపు, ఏది కూర?

"గడ్డి పీకేస్తే ఎలివేషన్ దెబ్బతింటుంది మేడమ్."

కొండాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ల సముదాయంలో 2025 నవంబరులో సర్వసభ్య సమావేశం జరిగింది. అందులో నాకు దొరికిన జవాబు ఇది. నేనడిగింది చిన్న విషయం. మా బ్లాకు వెనక, జనరేటర్ గదికీ ప్రహరీగోడకీ మధ్య, ఎవరూ నడవని, ఎవరూ కూచోని లాన్ ముక్క ఒకటుంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. జూన్‌లో మేం నలుగురు ఆడవాళ్ళం దాన్ని తవ్వి కూరలు వేశాం. దసరా దాటేదాకా నాలుగిళ్ళ వాళ్ళం, అడిగిన ఇరుగుపొరుగు వాళ్ళం తిన్నాం. దాన్ని మళ్ళీ లాన్ చేయాలని కమిటీ తీర్మానం పెట్టింది. ఎందుకని అడిగాను.

జనరేటర్ గది వెనక ఎలివేషన్ ఎవరికి కనిపిస్తుందో ఎవరూ చెప్పలేదు. ఒకరు పాములన్నారు. ఒకరు దోమలన్నారు. ఒక పెద్దమనిషి రీసేల్ వాల్యూ అన్నారు. ఇంకొకాయన నవ్వుతూ, "ఇది గేటెడ్ కమ్యూనిటీ మేడమ్, రైతుబజారు కాదు" అన్నారు. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. మా మడిలోంచి గోంగూర కోసుకెళ్ళి పచ్చడి చేసుకున్న ఆడవాళ్ళూ ఉన్నారు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం చల్లారక ముందే ఇది రాస్తున్నాను. చల్లారితే నేనూ "పోనీలే, గడ్డే కదా" అనేస్తానని భయం.

ముందు ఆ ముక్క తవ్విన సంగతి చెప్పాలి. లాన్‌ని తోట చేయడమంటే గడ్డి పీకి విత్తనాలు చల్లడమే అనుకున్నాం. మా లాన్‌లో ఉన్నది గరిక జాతి. పైన ఎంత పీకినా లోపల ఒక్క కణుపు మిగిలితే చాలు, వారంలో మళ్ళీ లేస్తుంది. నలుగురిలో ముగ్గురం చాక్‌పీసు పట్టిన చేతులవాళ్ళం, నాలుగో ఆమెది కీబోర్డు. పార పట్టగానే అరచేతుల్లో బొబ్బలు లేచాయి. చివరికి గడ్డిని వేళ్ళతో సహా పీటల్లాగా కోసి, తిరగేసి, దాని మీద అట్టపెట్టెలు పరిచాం. ఆన్‌లైన్ షాపింగ్ పుణ్యమా అని మా బ్లాకుల్లో అట్టపెట్టెలకి కరువు లేదు. టేపులన్నీ ఒలిచి, అట్టలు బాగా తడిపి, పైన పశువుల ఎరువు, రాలిన ఆకులు, ఎర్రమట్టి వేశాం. వెలుతురు తగలకపోతే గరిక పాలిపోయి చస్తుంది. మూడు వారాలు ఆగి, అట్టకి కన్నాలు చేసి విత్తనాలు పెట్టాం. గోంగూర, తోటకూర, బచ్చలి, ఒక వరస బెండ, గోడ వెంబడి గోరుచిక్కుడు. అంచుల్లో గరిక చివరిదాకా మమ్మల్ని వదల్లేదు.

పది అంగుళాల లోతులో గడ్డపార ఖంగుమంది. సిమెంటు పెళ్ళలు, పగిలిన టైల్సు, గుట్కా పాకెట్లు, చిన్నపిల్లలు వేసుకునే ప్లాస్టిక్ గాజు ఒకటి. ఈ బిల్డింగులు కట్టిన కూలీల పిల్లదే అయ్యుండాలి. ముందు భాగంలో అందరూ ఫొటోలు తీసుకునే పెద్ద లాన్ ఉందే, దాని కింద అదీ లేదు. సెల్లార్ స్లాబు ఉంది. మన పచ్చదనమంతా కార్ల పార్కింగు కప్పు మీద పరిచిన చాప.

ఆ రోజుల్లోనే ఆమె పరిచయమైంది. లాన్‌లో కలుపు తీయడానికి నెలకి రెండుసార్లు కాంట్రాక్టర్ ఆటోలో ఆడవాళ్ళని తెస్తాడు. అందరూ పాలమూరు వైపు వాళ్ళు. కుర్పీలు పట్టుకుని, గొంతుక్కూచుని, వరసగా జరుగుతూ పోతారు. మేం బాల్కనీల్లో కాఫీ తాగుతూ ఎన్నేళ్ళుగానో చూస్తున్న దృశ్యమే. నేను పారతో అవస్థ పడుతుంటే యాభై ఏళ్ళుంటాయేమో, ఒకామె లేచొచ్చి నా చేతిలోంచి పార తీసుకుంది. నాలుగు పోట్లలో నేను గంటసేపు చేసిన పని చేసింది. తర్వాత కొంగు ముడి విప్పి చూపించింది. అందులో ఎర్రకాడల ఆకుకూర.

"కలుపు ఏరమంటరు. గిది కలుపా మేడమ్? గంగవాయిలి కూర. పప్పుల ఏస్తే ఎంత కమ్మగుంటది! మా చేన్ల గరిక పీకి గంగవాయిలి తెచ్చుకుంటం. ఈడ గంగవాయిలి పీకి గరికనుంచుతం. పట్నపోల్లది అంత ఉల్టానే."

ఇరవై ఆరేళ్ళు కాలేజీలో పాఠం చెప్పిన నాకు ఈ వాక్యం పట్టే పుస్తకమేదీ గుర్తు రాలేదు. వేళ్ళతో సహా చదివిన చదువు ఆమెది. జీవితమంతా జొన్నచేలో ఏ మొక్కని శత్రువుగా పీకిందో ఆ మొక్కనే ఇక్కడ కంటికి రెప్పలా కాయాలి. కడుపు నింపిన మొక్కని పీకి పారేయాలి. దానికి కూలి. ఆ రోజు ఆమె పక్కన కూచుని లెక్కపెట్టాను. మా లాన్‌లోంచి కలుపుగా తట్టలకెత్తినవి గంగవాయిలి, గలిజేరు, పొన్నగంటి, గునుగు, కామంచి. అయిదూ తినేవే. నా కాళ్ళ కింద ఇన్నేళ్ళుగా ఒక కూరగాయల తోట మొలుస్తూనే ఉంది. నెలకి రెండుసార్లు డబ్బిచ్చి మరీ దాన్ని చంపిస్తున్నాం.

లాన్ అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఈ నేలకి పండించాల్సిన అవసరం లేదు అని నలుగురికీ చూపించుకోవడం. ఇంగ్లండు జమీందార్ల మేడల ముందు మొదలైన ముచ్చట, దొరల బంగళాల మీదుగా, క్లబ్బుల మీదుగా మనకొచ్చింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ చుట్టుపక్కల లేచిన ప్రతి కట్టడం ముందూ అదే పచ్చ చాప. పాత కొండాపూర్ ఊళ్ళో మిగిలిన సందుల్లో ముసలమ్మలు ఇంకా ఉన్నారు. మా సముదాయం పేరు చెబితే వాళ్ళకి తెలియదు. "ఆడ జొన్నలేస్తుంటిమి" అంటారు.

నీళ్ళ లెక్క కూడా చెప్పాలి. ఎండాకాలం లాన్ పచ్చగా ఉండాలంటే రోజుకి కనీసం 5 మిల్లీమీటర్ల తడి కావాలి. అంటే చదరపు మీటరుకి 5 లీటర్లు. మా పెద్ద లాన్ అర ఎకరం, సుమారు 2,000 చదరపు మీటర్లు. రోజుకి 10,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. హైదరాబాదు తాగే కృష్ణ, గోదావరి నీళ్ళు నూరు కిలోమీటర్లు దాటి వస్తాయి. మా ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఏప్రిల్ వస్తే బస్తీలో బిందెలు వరసలో పెట్టి మరీ పనికొస్తారు.

"మేం పోసేది శుద్ధి చేసిన మురుగునీరే" అని కమిటీ అంటుంది. నిజమే. వర్షాకాలం, చలికాలం ఆ నీళ్ళు సరిపోతాయి. ఎండలు ముదిరాక సరిపోవు, బోరు తిప్పుతారు. ఆ శుద్ధి నీళ్ళు ఆకుకూరల మీద పోయకూడదన్న వాళ్ళ అభ్యంతరమూ సబబే. అందుకే మేం వానాకాలంలో మొదలుపెట్టాం. వాన లేని రోజుల్లో బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు నాలుగిళ్ళ నుంచీ బకెట్లలో మోశాం. ఇరవై అడుగుల మడికి అది చాలింది.

గడ్డి అంటేనే నాకు కోపమని అనుకోవద్దు. మూసీ కింద, ఊరి మురుగునీటితో పారాగడ్డి పెంచి గేదెలకి మేపేవాళ్ళున్నారు. ఆ గడ్డి పాలవుతుంది, దాని మీద కుటుంబాలు బతుకుతాయి. మా గడ్డిని కోసి చెత్తబండికి ఎత్తుతారు.

2025 మార్చి చివర్లో మాకు కూతవేటు దూరంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు వెళ్ళాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం పడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమన్నది. ఆ వారం మా సముదాయం వాట్సాప్ గుంపులో ఎంత ఆవేదనో! నెమళ్ళ వీడియోలు, జింకల వీడియోలు. ఆ ఆవేదన అబద్ధమని నేననను, నేనూ పంపాను. కానీ కంచ అంటే ఏమిటి? పిచ్చిమొక్కలు, తుప్పలు, ఎవరూ నాటనివి. గోడకి అవతల పిచ్చిమొక్క జీవవైవిధ్యం. గోడకి ఇవతల అదే మొక్క కలుపు.

బతుకమ్మ మాట చెప్పకుండా ఉండలేను. సెప్టెంబరు చివర మా పెద్ద లాన్ మీద బతుకమ్మ ఆడాం. డీజే, లైట్లు, ఒకే రంగు పట్టుచీరలు. 2014లో రాష్ట్ర పండుగ అయ్యాక గేటెడ్ కమ్యూనిటీలు కూడా బతుకమ్మని నెత్తికెత్తుకున్నాయి, సంతోషమే. ఆ రోజు పొద్దున్నే రోడ్డు పక్కన గునుగుపూల కట్టలు బేరమాడి కొన్నాం. ఊళ్ళ నుంచి రాత్రంతా బస్సులో వచ్చి ఫుట్‌పాత్ మీద కూచుని అమ్మిన ఆడవాళ్ళ దగ్గర కొన్నాం. గునుగు చేలల్లో కలుపు. లేతాకు కూర, పువ్వు బతుకమ్మ. పండగకి వారం ముందు, "ఫంక్షన్ ఉంది, లాన్ నీట్‌గా ఉండాలి" అని ప్రహరీగోడ వెంట పూతకొచ్చిన గునుగంతా పీకించింది మా కమిటీయే.

ఇక తీర్మానం. చేతులెత్తమన్నారు. నేను ఎత్తాను. "మేడమ్, ఓటు ఓనర్లకే" అన్నారు మర్యాదగా. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కింద ఏర్పడ్డ సంఘం మాది. ఫ్లాటుకి ఒక ఓటు, అది యజమానిది. ఇద్దరి పేర్లుంటే మా నియమావళి ప్రకారం మొదటి పేరుది. మా ఫ్లాటు అప్పు పదిహేనేళ్ళు ఇద్దరి జీతాల్లోంచీ తీర్చాం. రిజిస్ట్రేషన్ మాత్రం ఆయన పేర. అప్పట్లో నేను క్లాసు ఉందని వెళ్ళలేదు. ఒక సంతకమే కదా అనుకున్నాను. ఇప్పుడు నేను చేయి ఎత్తాలంటే మావారి దగ్గర ఆథరైజేషన్ లెటరు తెచ్చుకోవాలి. మిగిలిన ముగ్గురిలో ఒకామెకే ఓటుంది, ఆమె ఒంటరి స్త్రీ కాబట్టి. 1986లోనే మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఉందని చట్టం చేసిందని క్లాసులో ఎంత గర్వంగా చెప్పేదాన్ని! 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఆడవాళ్ళ పేర ఉన్న కమతాలు సుమారు 14 శాతమే అని చెప్పి, పల్లె పితృస్వామ్యం మీద ఎన్ని సెమినార్లలో మాట్లాడాను! మా లాన్ మీద ఆ శాతం ఎంతో ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇంతవరకూ చెప్పినదానికి నా స్నేహితురాలు, ఈ పత్రిక పాఠకురాలే, తల ఊపింది. తర్వాత గట్టిగా తగులుకుంది.

"వంటింట్లోంచి బయటపడదామని ఇన్నేళ్ళు కొట్లాడి ఇప్పుడు పెరట్లోకి పొమ్మంటావా? విమల 'వంటిల్లు' చదివి ఏడ్చిన దానివి నువ్వు. గోంగూర వేసేది ఆడది, నీళ్ళు మోసేది ఆడది, కోసేది, కడిగేది, నూరేది ఆడది. ఆర్గానిక్ అన్న పేరుతో ఇంకో గంట పని పెరిగింది, అంతే. లాన్ నయం కదే. కనీసం దాన్ని వండిపెట్టమని ఎవరూ అడగరు."

దీనికి సులువైన జవాబు లేదు. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. చేసే మొగవాళ్ళు పెట్టేది 97. ఆ 299 మీద ఇంకో ముప్పై కలిపే తోట నాకూ వద్దు. అయిదు నెలల్లో మా నాలుగిళ్ళ మొగవాళ్ళు మడి దగ్గరికి వచ్చింది ఫొటోలు తీయడానికి. ఒకాయన మాత్రం రోజూ నీళ్ళు మోశారు, ఆయన పేరు రాయలేను గానీ ఆయన మడి వైపు బెండకాయలు బాగా కాశాయి.

ఇదే పని మొగవాడు చేస్తే దాని పేరు మారిపోతుంది. 1965లో ఆహార కొరత రోజుల్లో లాల్ బహదూర్ శాస్త్రి ఢిల్లీలో తన అధికార నివాసం లాన్ దున్నించి పంట వేస్తే అది దేశానికి పిలుపు. 2009 మార్చిలో మిషెల్ ఒబామా వైట్‌హౌస్ దక్షిణ లాన్‌లో సుమారు 1,100 చదరపు అడుగులు తవ్వించి కూరగాయలు వేస్తే, హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన ఆమెని కాస్తా లోకం ఇల్లాలిని చేసి చూసింది. ఇక్కడా అంతే. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారాయణగూడలో తన మిద్దె మీద తోట పెంచి, పుస్తకం రాసి, 'మిద్దెతోట' అన్న మాటని ఇంటింటికీ చేర్చారు. ఆయన కృషి మీద నాకు గౌరవం ఉంది. మొగవాడు మట్టిలో చెయ్యి పెట్టగలడనడానికి ఆయనే సాక్ష్యం. కానీ మా అమ్మ సంగారెడ్డి ఇంటి పెరట్లో నలభై ఏళ్ళు చేసిన పనికి పేరే లేదు. "పెరట్లో ఉంది" అనేవాళ్ళం, అదేదో విశ్రాంతి అయినట్టు.

కాబట్టి స్నేహితురాలా, వంటింటికి అనుబంధంగా తోట వద్దు. అందులో మనకి తేడా లేదు. తేడా ఎక్కడంటే, నువ్వు లాన్‌ని శ్రమ లేని నేల అనుకుంటున్నావు. అక్కడా శ్రమ ఉంది, మనది కాదు కాబట్టి మనకి కనిపించడం లేదు. గొంతుక్కూచుని జరిగేది పాలమూరు ఆడది. బాల్కనీలో నిలబడి "ఎంత నీట్‌గా ఉందో" అనేది మనం. మన 299 నిమిషాల గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. ఆమె నడుమునొప్పి గురించి ఎన్ని రాశాం?

ఇక్కడి నుంచి నూరు కిలోమీటర్ల దూరంలో, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, ఇదే ప్రశ్నని మనకన్నా చాలా ముందు వేరే చోట నిలబడి వేశారు. పడావు పడ్డ భూములు బాగుచేసుకున్నారు, జొన్న, కొర్ర, సామ వేశారు, విత్తనం ఆడవాళ్ళ బుట్టల్లోనే దాచారు. విత్తకుండా చేలో తమంతట తాము మొలిచే ఆకుకూరల్ని కలుపన్నందుకు ఒప్పుకోలేదు. కలుపుమందు కొడితే చచ్చేది మా కూర అన్నారు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో ఆ విత్తనాల్ని ఎడ్లబండ్ల మీద ఊరూరా ఊరేగిస్తారు. 2019లో వాళ్ళకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళు ఆ పని చేస్తే వంటింటికి తిరిగి వెళ్ళినట్టా? ఏం వేయాలి, ఎంత దాచాలి, ఎంత అమ్మాలి అన్న నిర్ణయం వాళ్ళ చేతికొచ్చింది. సంఘం మీటింగులో చేయి ఎత్తడానికి వాళ్ళు మొగుడి లెటరు తేనక్కర్లేదు.

మా నలుగురి మడికి అంత కీర్తి అంటగట్టను. మేం చేసిన తప్పు కూడా రాయాలి. పార పట్టడం మాకు నేర్పింది ఆమె. ఎప్పుడు నీళ్ళు ఆపాలో, గోంగూర ఎక్కడ తుంచితే పక్క కొమ్మలు వేస్తుందో చెప్పింది ఆమె. మేమేమిచ్చాం? రెండుసార్లు సంచీడు తోటకూర. మా ఫొటోల్లో ఆమె లేదు. ఆగస్టులో, కూలిపని వదిలి మా మడి దగ్గర నిలబడుతోందని కాంట్రాక్టర్ ఆమెని ఇంకో సైటుకి మార్చాడు. మేం అడగలేదు. గొడవెందుకు, అసలే కమిటీ కళ్ళెర్రజేస్తోంది అనుకున్నాం. రెండు వారాల తర్వాత ఆమె లేదని గమనించింది నేను కాదు, మా వాచ్‌మన్ భార్య. ఆమె ఫోను నంబరు మాలో ఎవరి దగ్గరా లేదు.

అందుకే నవంబరు సమావేశంలో నేను మడి ఉంచండి అని మాత్రమే అడగలేదు. ఆ చాప మీద ఖర్చు పెట్టే డబ్బుతో, పెద్ద లాన్‌లో నాలుగో వంతు కూరల మడులు చేయండి, కలుపు తీసే ఆడవాళ్ళని కాంట్రాక్టర్ లేకుండా నేరుగా నెలజీతం మీద పెట్టుకోండి, కోసిన దాంట్లో వాళ్ళ వాటా వాళ్ళకివ్వండి, నీళ్ళు పోసే వంతుల జాబితాలో ప్రతి ఫ్లాటు నుంచీ మొగవాళ్ళ పేరు రాయండి అన్నాను. రైతుబజారు జోకు పేలింది అప్పుడే. ఉద్యాన శాఖ వాళ్ళ 'మన ఇంటి కూరగాయలు' పథకం గురించి చెప్పబోతే టైమయిందన్నారు. తీర్మానం నెగ్గింది. సంక్రాంతి లోపు తీసేయాలన్నారు.

ఇంటికొచ్చి మావారిని అడిగాను, ఫ్లాటు పత్రాల్లో నా పేరు చేర్పించమని. మొదటి పేరు నాది ఉండాలని. "గోంగూర కోసమా?" అని నవ్వారు. "ఓటు కోసం" అన్నాను. నవ్వు ఆగింది. ఖర్చవుతుంది, ఆలోచిద్దాం అన్నారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాటు ఇంకా బుక్ చేయలేదు.